మూలపడిన యంత్రం తెచ్చిన ముప్పు
ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రయోగశాల నుంచి పాత ఇనుము కొట్టు దాకా

"పాత ఇనుము, రేకు డబ్బాలు, విరిగిన బిందెలు కొంటాం" అని కేకవేసుకుంటూ వచ్చే వ్యాపారిని ఎరుగని పల్లె లేదు. అరిగిపోయిన నాగటి కర్రు, చిల్లు పడిన బకెట్టు, పనిచేయని మోటారు తూకానికి వేసి ఇంత సొమ్మో, ఇన్ని ఉల్లిపాయలో తీసుకోవడం అందరికీ అలవాటే. ఇల్లు ఖాళీ అవుతుంది, నాలుగు డబ్బులు చేతికొస్తాయి. ఇందులో తప్పేముందని అనుకుంటాం.

దేశ రాజధానిలోని ఢిల్లీ విశ్వవిద్యాలయం వారు కూడా 2010 ఫిబ్రవరిలో ఇలాగే అనుకున్నారు. రసాయనశాస్త్ర విభాగంలో ఏళ్ల తరబడి మూలపడి ఉన్న ఒక యంత్రాన్ని పాత సామాను కింద వేలం వేశారు. రెండు నెలలు తిరిగేసరికి ఒక కూలీ ప్రాణం పోయింది. మొత్తం ఏడెనిమిది మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఒక బజారంతా ఖాళీ చేయించి, అణుశాస్త్రవేత్తలు వచ్చి వెతకాల్సి వచ్చింది. పేలుడు లేదు, మంట లేదు, పొగ లేదు. అంత పెద్ద చదువుల కోటలో ఆ యంత్రం కడుపులో ఏముందో చెప్పే మనిషి వేలంనాడు లేకపోవడమే ఇంత అనర్థానికి మూలం.

యంత్రంలో ఏముంది?

ఆ యంత్రం పేరు గామా సెల్. కెనడా దేశంలో తయారైంది. విశ్వవిద్యాలయం దాన్ని 1968లో తెప్పించింది. దాని లోపల కోబాల్ట్-60 అనే లోహం ముక్కలు ఉంటాయి. వీటి నుంచి గామా కిరణాలు నిరంతరం వెలువడుతుంటాయి. రసాయన పదార్థాల మీద ఈ కిరణాలు పడితే ఎలాంటి మార్పులు వస్తాయో పరిశోధించడానికి ఆ యంత్రాన్ని వాడేవారు.

కోబాల్ట్ పేరు మన పల్లెలకు పూర్తిగా కొత్తది కాదు. క్యాన్సర్ వచ్చిన వారిని పట్నం ఆస్పత్రికి తీసుకెళ్లి "కరెంటు పెట్టించాం" అని చెబుతుంటారు. అది నిజానికి కరెంటు కాదు, కిరణాల చికిత్స. ఆ చికిత్సకు దశాబ్దాల పాటు ఎక్కువగా వాడింది ఈ కోబాల్ట్-60నే. వేరుశనగ రైతులకు తెలిసిన టీఏజీ-24 రకం కూడా ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఇలాంటి కిరణాల సాయంతో చేసిన కృషి నుంచి వచ్చిందే. చేతిలో అదుపు ఉన్నంతవరకు ఈ కిరణాలు మేలే చేస్తాయి. పొయ్యిలో ఉన్న నిప్పు అన్నం వండుతుంది, చూరు అంటుకుంటే ఇల్లు కాలుస్తుంది. ఇదీ అంతే.

కోబాల్ట్ ముక్కల చుట్టూ మందపాటి సీసం కవచం ఉంటుంది. యంత్రం బరువులో అధిక భాగం ఈ సీసానిదే. గామా కిరణాలు గుడ్డను, చెక్కను, పలుచని రేకును దాటుకుని వచ్చేస్తాయి. దట్టమైన సీసంలో చాలావరకు ఆగిపోతాయి. ఆ కవచం చెక్కుచెదరనంత కాలం పక్క గదిలో కూర్చున్న వారికి భయం లేదు. అందుకే యంత్రం అన్నేళ్లు అక్కడే ఉన్నా ఎవరికీ ఏమీ కాలేదు.

వేలం పాట

1985 తర్వాత ఆ యంత్రాన్ని వాడినవారు లేరు. దానితో పని చేసినవారు ఉద్యోగ విరమణ చేశారు. కొత్తగా వచ్చినవారికి అదొక మూలపడిన ఇనుప దిమ్మె మాత్రమే. పాతిక సంవత్సరాలు అలాగే గడిచాయి. చివరికి పనికిరాని సామాను జాబితా రాసినప్పుడు దాన్ని కూడా అందులో చేర్చారు. 2010 ఫిబ్రవరిలో వేలం జరిగింది. పాత ఇనుము వ్యాపారులు కొనుక్కున్నారు. యంత్రం పశ్చిమ ఢిల్లీలోని మాయాపురి బజారుకు చేరింది.

మాయాపురి పాత ఇనుము వ్యాపారానికి పెట్టింది పేరు. వరుసగా కొట్లు, వాటి ముందు గుట్టలుగా పాత మోటారు బళ్ల విడిభాగాలు, రోజు కూలికి వచ్చి వాటిని విప్పి, కోసి, వేరు చేసే పనివారు. సీసానికి మంచి ధర ఉంది కనుక యంత్రాన్ని కోశారు. కవచం విడిపోయింది. లోపలి నుంచి మెరిసే లోహపు ముక్కలు బయటపడ్డాయి. అవేమిటో పనివారికి తెలియదు, కొట్టు యజమానికీ తెలియదు. కొన్ని ముక్కలు ఆ కొట్టులోనే ఉండిపోయాయి, కొన్ని చేతులు మారి పక్క కొట్లకు వెళ్లాయి. ఒక వ్యాపారి అయితే ముచ్చటపడి ఒక ముక్కను పర్సులో పెట్టుకుని జేబులో వేసుకుని తిరిగాడు. పర్సు ఆనుకున్న చోట ఒళ్లు కాలి పుండు పడింది.

నిప్పును ముట్టుకుంటే చురుక్కుమంటుంది, చెయ్యి దానంతటదే వెనక్కు వస్తుంది. పాము కనిపిస్తే ఆమడ దూరం పారిపోతాం. గామా కిరణాలకు రంగు లేదు, వాసన లేదు, వేడి తెలియదు. తగులుతున్నాయన్న సంగతి తగులుతున్నవాడికే తెలియదు.

వైద్యులకు వచ్చిన అనుమానం

ఏప్రిల్ మొదటి వారంలో ఒక వ్యాపారిని ఢిల్లీలోని పెద్ద ఆస్పత్రికి తీసుకొచ్చారు. చర్మం నల్లబడుతోంది, జుట్టు రాలిపోతోంది. ఇవి చూడగానే ఏ చర్మరోగమో, మందు పడకపోవడమో అనిపించే లక్షణాలు. పరీక్షలు చేసిన వైద్యులకు ఇది కిరణాల దెబ్బ కావచ్చునన్న అనుమానం వచ్చింది. వారు రోగికి మందులిచ్చి ఊరుకోలేదు. ఏప్రిల్ 7న అధికారులకు కబురు పెట్టారు. ఆ ఒక్క కబురుతోనే కథ మలుపు తిరిగింది. అది మరో వారం ఆలస్యమై ఉంటే ఆ ముక్కలు ఇంకెన్ని చేతులు మారేవో ఊహించుకోవచ్చు. కరిగించే కొలిమికి చేరి ఉంటే ఆ లోహం కొత్త ఇనుములో కలిసిపోయేది.

కిరణాలు ఎక్కువ మోతాదులో తగిలితే కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. తర్వాత కొంతకాలం మనిషి తేరుకున్నట్లు కనిపిస్తాడు. లోపల మాత్రం ఎముకల మూలుగ దెబ్బతిని ఉంటుంది. రక్తంలో కణాలు పుట్టేది ఆ మూలుగలోనే. కణాలు తగ్గిపోయేసరికి చిన్న చీము పట్టినా శరీరం తట్టుకోలేదు, రక్తస్రావం ఆగదు. మాయాపురి కూలీకి జరిగిందీ ఇదే. ఒక్కొక్క అవయవం దెబ్బతిని, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఆస్పత్రిలో ఏప్రిల్ 26న అతడు కన్నుమూశాడు. ఆ యంత్రం ఏమిటో, ఏ చదువు కోసం వచ్చిందో అతడికి తెలిసే అవకాశమే లేదు. రోజు కూలి కోసం కోశాడు.

బయటినుంచి ఈ కిరణాలు తగిలిన రోగిని ముట్టుకుంటే జబ్బు అంటుకోదని ఇక్కడ చెప్పుకోవాలి. ఎండలో తిరిగి వడదెబ్బ తిన్నవాడి నుంచి ఎండ పుట్టదు కదా! అలాగే ఇతడి ఒంట్లోంచి కిరణాలు రావు. ఇది తెలియక దగ్గరివారు సైతం దూరం జరిగితే ఆ రోగికి అది రెండో దెబ్బ.

మాయాపురిలో గాలింపు

కబురు అందగానే అణుశక్తి నియంత్రణ మండలి అధికారులు కిరణాలను కొలిచే మీటర్లతో మాయాపురి చేరారు. పోలీసులు జనాన్ని దూరం పంపి తాళ్లు కట్టారు. భాభా అణు పరిశోధన కేంద్రం నిపుణులు, జాతీయ విపత్తు స్పందన దళం వారు వచ్చి కలిశారు. కొట్టు కొట్టూ గాలించారు. మొదటి కొట్టులో దొరికిన ముక్కలతో పని అయిపోలేదు. కొద్ది రోజుల తర్వాత మరో కొట్టులోనూ, ఆపైన ఆ పర్సులోనూ బయటపడ్డాయి. దొరికినవాటిని సీసం పాత్రల్లో భద్రపరచి తరలించారు.

ఇలాంటి పనికి మూడే సూత్రాలు. దగ్గర గడిపే సమయం తగ్గించాలి. దూరం పెంచాలి. మధ్యలో అడ్డు ఉంచాలి. అందుకే ముక్కను చేత్తో ఎత్తరు, పొడవాటి పటకార్లతో ఎత్తుతారు. ఒక్కరే గంటల తరబడి ఉండరు, కొద్ది నిమిషాలకొకసారి మనిషి మారతాడు. దూరానికున్న బలం చెప్పుకోదగ్గది. ముక్కకు రెండడుగుల దూరంలో ఉన్నవాడు నాలుగడుగులకు జరిగితే తగిలే కిరణాలు నాలుగో వంతుకు పడిపోతాయి. ఆరడుగులకు జరిగితే తొమ్మిదో వంతే. నాలుగడుగులు వెనక్కి వేయడానికి ఖర్చేమీ లేదు, చదువు అక్కర్లేదు. మాయాపురిలో లేనిదల్లా వెనక్కి జరగమని చెప్పే మనిషి.

ముక్కలు దొరికాయి గానీ అవి ఎక్కడినుంచి వచ్చాయో తేల్చడానికి మరికొంత కాలం పట్టింది. యంత్రం తయారీ వివరాలను బట్టి ఆరా తీసుకుంటూ పోగా ఏప్రిల్ నెలాఖరుకు దారి ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగం గుమ్మానికి చేరింది. నియంత్రణ మండలి సంజాయిషీ నోటీసు ఇచ్చింది. విశ్వవిద్యాలయంలో ఇలాంటి పదార్థాల వాడకాన్ని నిలిపివేయించింది. జరిగినదానికి నైతిక బాధ్యత తమదేనని విశ్వవిద్యాలయం ఒప్పుకుంది.

నలభై పైసల లెక్క

"అంత పాత యంత్రంలో ఇంకా పస ఉంటుందా?" అని ఎవరికైనా సందేహం వస్తుంది. కోబాల్ట్-60 బలం సుమారు 5 సంవత్సరాల 3 నెలలకొకసారి సగమవుతుంది. 1968లో దాని బలాన్ని వంద రూపాయలు అనుకుందాం. 1973లో అది యాభై. మరో అయిదేళ్ల చిల్లరకు పాతిక. ఇలా 2010 నాటికి 42 సంవత్సరాల్లో దాదాపు ఎనిమిదిసార్లు సగమైంది. చివరికి మిగిలింది నలభై పైసలు.

ఆ నలభై పైసలే ఒక మనిషిని బలి తీసుకున్నాయి. పాతబడింది కాబట్టి బలం చచ్చిందనుకోవడం ఎంత ప్రమాదమో ఈ లెక్క చెబుతుంది. పురుగుమందు డబ్బా మీద గడువు దాటితే మందు సరిగా పని చేయదని రైతుకు తెలుసు. పనిచేయని మందు సైతం విషం కాకుండా పోదనీ తెలుసు. ప్రయోగశాల సామానుకూ అదే వర్తిస్తుంది.

ఇలాంటిదే మన దేశానికి చాలా ముందు బ్రెజిల్ దేశంలో జరిగింది. 1987లో గోయానియా అనే పట్టణంలో, వదిలేసిపోయిన క్యాన్సర్ చికిత్సాలయం నుంచి ఒక యంత్రాన్ని పాత ఇనుము కోసం పట్టుకుపోయారు. అందులోనిది సీజియం అనే మరో పదార్థం, పొడి రూపంలో ఉంది. చీకట్లో నీలంగా వెలుగుతోందని చూసి మురిసి ఇళ్లకు తీసుకెళ్లారు, ఒంటికి పూసుకున్నారు. నలుగురు చనిపోయారు. వారిలో ఒక చిన్నపిల్ల ఉంది. ఆ పాఠం ప్రపంచమంతా చదివింది. చదివిన 23 ఏళ్లకు ఢిల్లీలో మళ్లీ జరిగింది.

లోపం ఎక్కడ?

నియమాలు లేక ఇది జరగలేదు. అణుశక్తి చట్టం 1962లోనే వచ్చింది. నియంత్రణ మండలి 1983లో ఏర్పడింది. ఇలాంటి యంత్రం ఉన్న ప్రతిచోటా దాని మంచిచెడ్డలు చూసే బాధ్యుడు ఉండాలి. పని తీరిన పదార్థాన్ని తయారుచేసిన సంస్థకు తిరిగి పంపాలి, లేదా అణుశక్తి శాఖ చెప్పిన చోటికి చేర్చాలి. పాత సామాను వేలంలో పెట్టడానికి వీల్లేదు.

అయితే యంత్రం 1968లో వచ్చింది. తెప్పించినవారు వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు తర్వాతివారికి ఒప్పగింత సరిగా జరగలేదు. ఊరి కరణం మారితే కొత్త కరణానికి లెక్కల పుస్తకాలు ఒప్పజెప్పేవారు. ఫలానా చేను ఫలానావారిది, ఫలానా బావి పూడిపోయింది అని రాతలో ఉండేది. పూడని పాత బావి మీద గడ్డి మొలిచి ఉంటే, చెప్పేవాడు లేకపోతే, కొత్తగా వచ్చినవాడు అందులో పడక తప్పదు. విశ్వవిద్యాలయంలో జరిగింది అచ్చంగా ఇదే.

ప్రయోగశాలలో భద్రత అంటే కళ్లద్దాలు, చేతొడుగులు, గోడకు నీళ్ల గొట్టం అని చాలామంది అనుకుంటారు. అవి కావలసిందే. వాటితోపాటు ఏ వస్తువు ఎప్పుడు వచ్చింది, ఎవరి పూచీలో ఉంది, పని తీరాక ఎక్కడికి పోవాలి అన్న మూడు మాటలు రిజిస్టరులో ఉండాలి. ఆ మూడు మాటలు రాసి ఉంటే మాయాపురి కూలీ ఆ సాయంత్రం కూలి డబ్బులు తీసుకుని ఇంటికి వెళ్లేవాడు.

కాలేజీ చదువులకు వెళ్లే పిల్లలకు

జిల్లాలోని పల్లెల నుంచి ఎందరో పిల్లలు పట్నం కాలేజీల్లో సైన్సు చదువుతున్నారు. వారి ప్రయోగశాలల్లో కోబాల్ట్ ఉండకపోవచ్చు. ఆమ్లాలు, గ్యాసు బండలు, పేరు చీటీ ఊడిపోయిన సీసాలు మాత్రం ఉంటాయి. ఈథర్ అనే ద్రవం మూత తీసిన సీసాలో ఏళ్ల తరబడి నిలవ ఉంటే అందులో పేలే గుణమున్న పదార్థం పుడుతుంది. మూత తిప్పినా ప్రమాదమే. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వంటి పేరుమోసిన చోట కూడా 2018 డిసెంబరులో ప్రయోగశాలలో పేలుడు జరిగి ఒక పరిశోధకుడు మరణించాడు, ముగ్గురు గాయపడ్డారు.

అందుచేత పిల్లలు మొదటిరోజే తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బయటికి పోయే దారి ఎటు? మంటలార్పే సిలిండరు ఎక్కడ? నీళ్ల కుళాయి ఎంత దూరం? ఆమ్లాన్ని పలచన చేసేటప్పుడు నీళ్లలో ఆమ్లం కొద్దికొద్దిగా పొయ్యాలి. ఆమ్లంలో నీళ్లు పోస్తే ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది. కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లతో కనీసం పావుగంట కడగాలి, ఆ తర్వాతే ఆస్పత్రికి పరుగెత్తాలి. పేరు లేని సీసాను వాసన చూడకూడదు, తొట్టిలో పారబోయకూడదు, అధ్యాపకుడికి చూపించాలి.

ఇంట్లో మనం చేసే పొరపాటూ ఇలాంటిదే. మిగిలిన పురుగుమందును కూల్‌డ్రింకు సీసాలో పోసి చూరులో దాస్తాం. ఆ పూట దాచినవాడికి తెలుసు. మర్నాడు దాహమై వచ్చిన పిల్లవాడికి తెలియదు.

అనుమానపు వస్తువు కనిపిస్తే

ఆస్పత్రులు, కర్మాగారాలు, కాలేజీల నుంచి వచ్చిన పాత సామానులో అనుమానం కలిగించే గుర్తులు కొన్ని ఉన్నాయి. పసుపు రంగు మీద మూడు రెక్కల పంకా లాంటి గుర్తు ఉంటే అది కిరణాలు వెలువరించే పదార్థమని అర్థం. అక్షరం రానివారికి కూడా తెలియాలని 2007లో మరో గుర్తు కూడా తెచ్చారు. ఎర్రటి ముక్కోణంలో పైనుంచి కిరణాలు, కింద పుర్రె, పారిపోతున్న మనిషి బొమ్మ ఉంటాయి. చిన్న వస్తువే అయినా మోయలేనంత బరువుంటే, లోపల సీసం దిమ్మె కనిపిస్తే అనుమానించాలి.

అలాంటిది కనిపిస్తే కొయ్యకూడదు, విప్పకూడదు, కరిగించకూడదు. మెరుస్తోందని జేబులో వేసుకోకూడదు, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకూడదు. అక్కడినుంచి బాగా దూరం జరిగి, ఇతరులను కూడా జరిపి, 112 నంబరుకు గానీ పోలీసులకు గానీ చెప్పాలి. తహసీల్దారుకు చెప్పినా కబురు జిల్లా కలెక్టరుకు చేరుతుంది. పొడి ఏదైనా మీద పడి ఉంటే పైబట్టలు విడిచి ఒక సంచిలో కట్టి పక్కన పెట్టాలి, సబ్బుతో ఒళ్లు కడుక్కోవాలి. ఆస్పత్రికి వెళితే ఏ పని చేశారో, ఏ వస్తువు ముట్టుకున్నారో డాక్టరు అడగకముందే చెప్పాలి. రోగం పేరు మనకు తెలియకపోయినా, చేసిన పని చెబితే డాక్టరుకు దారి దొరుకుతుంది.

అమ్మేవాడికి కూడా బాధ్యత ఉంది. ప్రభుత్వ కార్యాలయమైనా, కాలేజీ అయినా, ఊళ్లోని రైసుమిల్లయినా పాత సామాను గేటు దాటించే ముందు ఇదేమిటో, లోపల ఏముందో తెలిసినవారితో చూపించి రాయించుకోవాలి. కొనేవాడు ఆ కాగితం అడగాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎంతమంది పండితులున్నా, ఆ రోజు ఈ ఒక్క ప్రశ్న వేసినవారు లేకపోయారు.